సముద్రం ఎదుట నాలుగు రోజులు

మన ఇళ్ళలో ప్రయాణమనగానే ముందుగా వచ్చే ప్రశ్న “ఎందుకు?” అన్నది. పెళ్ళి, పురుడు, చావు, ఆసుపత్రి. ఈ నాలుగింటిలో ఒకటి జవాబుగా ఉంటేనే పెట్టె సర్దుతారు. మగవారికైతే వ్యాపారమో, చదువో, స్నేహితులో మరొక కారణం దొరుకుతుంది. స్త్రీలకు అదీ లేదు. మీ ఇంట్లోని పెద్దావిడ తన జీవితంలో ఎన్ని ఊళ్ళకు వెళ్ళినదో ఒకసారి లెక్కించి చూడండి. ఆ ఊళ్ళలో ఆమె చూసినవి బంధువుల వంటగదులు, ఆసుపత్రి వార్డులు, జనాజా సాగిపోయిన గుమ్మాలు. ఊరిని మాత్రం చూసి ఉండదు.

భూమిలో సంచరించి సృష్టిని పరికించమని ఖుర్ఆన్ పలుచోట్ల పిలుపునిస్తున్నది. ఆ పిలుపు పురుషులకు మాత్రమే పరిమితం కాదు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన ఉదంతాన్ని మద్రసాలో ఏటా నా విద్యార్థులకు బోధిస్తుంటాను. ఇంటివారితో కలిసి ఉల్లాసంగా గడపడం కాలాన్ని వృథా చేయడం కాదని గ్రహించడానికి అదొక్కటి చాలును. పోయిన జనవరిలో, పిల్లల సెలవులకు, మేము ఆరుగురం విశాఖపట్నం బయలుదేరాము. ఎందుకని అడిగినవారికి “చూడడానికి” అని చెప్పాము.

మా అమ్మీకి డెబ్బై ఆరేళ్ళు. గోదావరి ఒడ్డున పుట్టి, ఆ ఒడ్డునే వృద్ధురాలైనది. విశాఖపట్నానికి అంతకు మునుపు ఒకే ఒకసారి వెళ్ళినది, 1991లో. మా అబ్బాకు జబ్బు ముదిరితే అక్కడి పెద్దాసుపత్రిలో చేర్చారు. నేను అప్పుడు ఉత్తరాదిన చదువుకుంటున్నాను. ఇరవై రెండు రోజులు ఆమె ఆ మంచం పక్కనే కూర్చున్నది. ఇరవై మూడవ రోజున జనాజాతో తిరిగి వచ్చినది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా, ఎవరైనా ఆ ఊరి పేరు ఎత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేది. మా అబ్బాయి ఈ ప్రయాణం మాట కదిపినప్పుడు ఇంట్లో అందరమూ ఆమె ముఖం వైపు చూశాము. చాలాసేపటికి, “అక్కడ సముద్రం ఉంటుందట కదా! నేను చూడలేదు” అన్నది. ప్రయాణం ఖాయమైనది.

బయలుదేరే ముందు ఒక నియమం పెట్టుకున్నాము. ప్రతి ఒక్కరూ ఒక కోరిక చెప్పాలి. దానిని మిగిలినవారు కాదనకూడదు. “నాకేమీ లేదు, మీ అందరి ఇష్టమే నా ఇష్టం” అన్నది నా భార్య. మన స్త్రీలకు నోటికి అలవాటైన జవాబు అది. ఆ జవాబు చెల్లదని కోడలు పట్టుబట్టగా, “సొరంగాలలోనుంచి రైలు వెళుతుందట. అది ఎక్కాలి. నాలుగు రోజులు పొయ్యి ముట్టకూడదు” అన్నది. కోడలు జలాంతర్గామి లోపలికి దిగాలన్నది. మా అబ్బాయికి చేపల రేవు, ఎనిమిదేళ్ళ మనవడికి ఇసుక, నాకు భీమిలి దారి. అమ్మీ మాత్రం, “నన్ను తీరాన కూర్చోబెట్టండి. లేవమని తొందరపెట్టకండి. అంతే” అన్నది.

రాత్రి రైలు దిగి, బసలో ఫజ్ర్ నమాజు ముగించుకొని నేరుగా రామకృష్ణా బీచికి వెళ్ళాము. మనది తూర్పు తీరం. సూర్యుడు నీటిలోనుంచే పైకి వస్తాడు. దానిని చూడాలంటే తెల్లవారకముందే అక్కడ ఉండాలి. ఆ వేళలో బీచి రోడ్డు మీద వాహనాల రద్దీ ఉండదు, నడిచేవారే ఉంటారు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచినట్లు కనిపిస్తుంది. ఓడరేవుకు అలల దెబ్బ తగలకుండా కాచేది ఆ కొండే.

అమ్మీని గట్టు మీద కూర్చోబెట్టాము. ఎండ వచ్చేవరకు ఆమె మాట్లాడలేదు. తర్వాత, “ఆ ఆసుపత్రి ఇక్కడికి ఎంత దూరం?” అని అడిగినది. వెనుకనున్న మిట్ట వైపు చూపించి, “అదిగో, ఆ పైనే” అన్నాను. ఆమె అటు ఒకసారి, నీటి వైపు ఒకసారి చూసి, “రాత్రిళ్ళు హోరు వినిపించేది. గాలి అనుకునేదాన్ని” అన్నది.

మనవడు అప్పటికే చెప్పులు విడిచి, దోసిలిలో నీళ్ళు పట్టి రుచి చూసి ఉమ్మేశాడు. “దాదా, ఈ నీళ్ళతో వుజూ చేయవచ్చా?” అని అడిగాడు. ఈ ప్రశ్న ఈనాటిది కాదు. సముద్ర ప్రయాణం చేసే ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తమ వద్ద మంచినీరు కొద్దిగానే ఉంటుందనీ, దానితో వుజూ చేస్తే దాహానికి మిగలదనీ చెప్పి ఇదే అడిగాడు. సముద్రపు నీరు పరిశుద్ధమనీ, అందులో చనిపోయినది కూడా ధర్మసమ్మతమనీ ఆయన (స) సెలవిచ్చారు. తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా విద్యార్థుల కళ్ళు మూసుకుపోయే ఈ పాఠం, చీలమండల దాకా అలలో నిలబడిన ఎనిమిదేళ్ళవాడికి ఒక్కమారుతో అర్థమైనది.

అయితే చీలమండలు దాటి వాడిని వెళ్ళనీయలేదు. పాఠకులకు ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఈ తీరం చూపులకు అందమైనదే గాని ఈతకు అనువైనది కాదు. లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. వెనుదిరిగే నీరు పాదాల క్రింది ఇసుకను లాగివేస్తుంది. సెలవుల కోసం వచ్చిన యువకులు ఏటా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఎర్రజెండా ఉన్నచోట దిగకండి. ఈత వచ్చునన్న ధైర్యం సముద్రం ఎదుట పనికిరాదు.

ఆ మధ్యాహ్నం కోడలి కోరిక తీరినది. ఐఎన్‌ఎస్ కుర్సురా అనే జలాంతర్గామి 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి పొందినది. మరుసటి సంవత్సరం దానిని తీరానికి చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గదినుంచి మరొక గదికి వెళ్ళాలంటే గుండ్రని రంధ్రం వంటి ద్వారంలోనుంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. నౌకాదళంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారే దగ్గరుండి అన్నీ వివరిస్తారు. మా కోడలు బురఖా సర్దుకుంటూ ప్రతి ద్వారమూ దాటి, టార్పెడోలు ఎలా పేలుతాయి, నీటి క్రింద గాలి ఎక్కడినుంచి వస్తుంది, ఇంతమందికి వంట ఎక్కడ చేస్తారు అని వరుసగా అడిగినది. చెప్పే పెద్దాయన ముచ్చటపడి ఆమె కోసం మరికొంతసేపు ఆగాడు. బీఎస్సీ చదివిన పిల్ల. పెళ్ళయిన తర్వాత ఆమె ప్రశ్న అడగగా నేను వినడం అదే మొదటిసారి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి ఈ ద్వారాలు కష్టం. అటువంటివారు రోడ్డుకు అవతల ఉంచిన టీయూ 142 అనే నౌకాదళ విమానాన్ని చూడవచ్చు, లేదా మా అమ్మీవలె గట్టు మీద కూర్చొని మురీ మిక్చర్ తినవచ్చు. సోమవారం జలాంతర్గామికి సెలవు.

రెండవ రోజు నా భార్యది. ఉదయం బయలుదేరే కిరండూల్ బండి అనంతగిరి కొండలలోకి ఎక్కుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమిది. కొండలను తొలిచి 50కి పైగా సొరంగాలు నిర్మించారు. పెద్ద గాజు కిటికీల పెట్టె కూడా ఉన్నది గాని, దానికి ముందుగానే రిజర్వేషను చేసుకోవాలి. నా భార్య తస్బీహ్ పూసలతో సొరంగాలను లెక్కపెట్టినది. ప్రతి చీకటిలోనూ ఒక పూస జరిపేది. మనవడి లెక్కకూ ఆమె లెక్కకూ రెండు తేడా వచ్చినది. ఆ తగవు ఇంకా తేలలేదు.

బొర్రా గుహల వద్ద దిగాము. సున్నపురాతిలోనుంచి నీటి చుక్కలు జారుతూ, ఆ చుక్కలు వదిలిన సున్నం పేరుకొని, పైనుంచి క్రిందికీ క్రిందినుంచి పైకీ స్తంభాలు పెరుగుతున్నాయి. ఒక్క స్తంభానికి వేల సంవత్సరాలు పడుతుందట. అక్కడి మెట్లు వృద్ధులకు తగవు. అందుచేత అమ్మీ, మా అబ్బాయి ఆ రోజు సముద్రం దగ్గరే ఉండిపోయారు. కొండల మీద వెదురుబొంగులో కాల్చిన కోడిమాంసం అమ్ముతారు. దాని వాసన నోరూరిస్తుంది గాని, జబహ్ ఎవరు చేశారో విచారించుకొని తినాలి. మేము శనగలతో, అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాము.

మూడవ రోజు కారు మాట్లాడుకొని భీమిలి దారిన వెళ్ళాము. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. ముందుగా కైలాసగిరి. అక్కడికి రోప్‌వే ఉన్నందున అమ్మీ కూడా పైకి రాగలిగినది. తీరం మొత్తం విల్లువలె వంగి కనిపించేది అక్కడినుంచే. తర్వాత రుషికొండ. ఆ పైన ఎర్రమట్టి దిబ్బలు. యుగాల క్రితం గాలీ నీరూ కలిసి పోసిన ఇసుక ఎర్రబారి, వానలకు కోసుకుపోయి, లోయలుగా మారినది. దేశంలో ఇటువంటివి అరుదు గనుక దానిని భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించారు. పిల్లలు దిబ్బల అంచులు ఎక్కి విరగకొట్టకుండా చూడడం మన బాధ్యత.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. “నిన్న గుహలో క్రిందుగా పారిన నది ఇదే” అని నా భార్యకు చూపించాను. “అది మనకంటె ముందే వచ్చేసిందే!” అన్నది. ఆ ఊళ్ళోనే డచ్చివారి సమాధులు ఉన్నాయి. వర్తకం కోసం సముద్రాలు దాటి వచ్చి, తిరిగి వెళ్ళక ఇక్కడి మట్టిలో కలిసినవారు. రాళ్ళ మీద అక్షరాలు అరిగిపోతున్నాయి. అమ్మీ అక్కడ కాసేపు నిలబడి, “పాపం, వీళ్ళ ఇంటివారు చూడడానికి ఎవరూ రారు” అన్నది.

నాలుగవ రోజు తెల్లవారుజామున మగవారం చేపల రేవుకు వెళ్ళాము. రాత్రంతా వేటాడిన మరబోట్లు వరుసగా ఆనుకొని ఉంటాయి. వంజరం, చందువా, రొయ్యలు, ట్యూనా కుప్పలుగా పోసి వేలం పాడుతారు. కొనేవారిలో, పాడేవారిలో సగానికి సగం స్త్రీలే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిలిపివేస్తారు. ఆ రోజులలో వెళితే ఈ సందడి కనిపించదు. ఎండలు కూడా తీవ్రంగా ఉంటాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మాంసం విషయంలో సందేహించే మనవంటివారికి ఈ ఊళ్ళో చేప పెద్ద సౌలభ్యం. మేము తెచ్చిన వంజరాన్ని బస దగ్గరి చిన్న హోటలువారే వేపుడు చేసి పెట్టారు. నా భార్య కుర్చీలో కూర్చొని తిన్నది. ఆమె తింటుండగా మరొకరు వడ్డించడం నాకు ఎంతో బాగున్నది.

నమాజుల గురించి కొందరు అడుగుతుంటారు. ప్రయాణికులకు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేసే ఖస్ర్ సౌలభ్యం ఉన్నది కదా! పాత నగరంలో మస్జిదులు ఉన్నాయి. స్త్రీల కోసం ఒక పలుచని జానమాజ్, ఒక నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుంటే తీరంలోనే ఒక వారగా నిలబడవచ్చు. మావారు అసర్ అలాగే చేసుకున్నారు.

ఆ సాయంత్రం రైలుకు ఇంకా మూడు గంటలు ఉండగా అమ్మీ నన్ను పిలిచి, “ఆసుపత్రి వాకిట దాకా తీసుకువెళ్ళు” అన్నది. నాలుగు రోజులుగా దాచుకున్న కోరిక అదేనేమో తెలియదు. దారిలో రొట్టెలు, పాలపొట్లాలు కొనిపించినది. గేటు ముందు చెట్ల క్రింద, మెట్ల మీద, రోగుల వెంట వచ్చినవారు కూర్చొని ఉన్నారు. ఎక్కువమంది స్త్రీలే. ఆమె ఒక్కొక్కరి వద్దకు వెళ్ళి తన చేతితో ఇచ్చినది. ఎవరు, ఏ ఊరు, ఎన్నాళ్ళయినది అని అడిగినది. పార్వతీపురం వైపునుంచి వచ్చిన ఒకావిడ పదకొండు రోజులుగా అక్కడే ఉన్నానన్నది. అమ్మీ ఆమె పక్కన కూర్చొని, “క్రిందికి దిగితే సముద్రం ఉన్నదమ్మా. ఆటో కూడా అక్కరలేదు. ఆయన నిద్రపోయినప్పుడు ఒక గడియ వెళ్ళి కూర్చొని రా” అని చెప్పినది. మా అబ్బా పేరు మీద దుఆ చేసి, నా చేయి పట్టుకొని లేచినది. కన్నీళ్ళు పెట్టుకోలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు మాడుగుల హల్వా తెచ్చి ఇరుగుపొరుగుకు పంచాము. అమ్మీ ఇప్పుడు విశాఖపట్నం పేరు వింటే లోపలికి వెళ్ళడం లేదు. వీధిలోని ఆడవారిని కూర్చోబెట్టి, బీచికి ఏ వేళకు వెళ్ళాలో, కొండ మీదికి ఎలా ఎక్కాలో, మురీ మిక్చర్‌లో నిమ్మకాయ ఎంత పిండించుకోవాలో వివరిస్తున్నది. ఈ వేసవి దాటాక వారిలో ముగ్గురు తమ కొడుకులను తీసుకొని బయలుదేరుతున్నారట. “సోమవారం మాత్రం వెళ్ళకండి, జలాంతర్గామి మూసి ఉంటుంది” అని నిన్న కూడా ఎవరికో చెబుతుండగా విన్నాను.