రెప్ప మీద స్కేలు

కర్ణాటకలోని అత్తిబెలెలో పూలు కట్టే ఒక పెద్దావిడ రెండు మూడు ముడులకోసారి చేయి ఆపి, చూపుడువేలితో ఎడమ రెప్పను పైకి తోసుకుంటుంది. మిగతా సమయమంతా గడ్డం ఎత్తి, కనుబొమలు పైకి లాగిపట్టి చూస్తుంది. తెలియనివాళ్లు పొగరనుకుంటారు. పొద్దుగూకేసరికి నుదురు పోటు. అడిగితే, "కన్ను కనిపిస్తా ఉంది కదా, ఇంకేమి అంటారు సామీ" అంది.

రెప్ప ఇలా వాలిపోవడాన్ని డాక్టర్లు టోసిస్ అంటారు. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో దాని ఆపరేషన్ ఉంది. కర్ణాటకలో బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఉచితం. మిగిలినవాళ్లకు ప్యాకేజీ ఖర్చులో 30 శాతమే ప్రభుత్వం భరిస్తుంది. అందం కోసం చేసే సర్జరీకి మాత్రం పైసా రాదు. వయసు మీదపడి రెప్పచర్మం సాగి కంటి మీదికి జారితే అది జబ్బా, అందమా? అక్కడే పేచీ.

ఈ పేచీ అంతటా ఉంది. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ కింద రోగుల రెప్పను టేపుతో ఎత్తి అంటించి ఒకసారి, వదిలేసి ఒకసారి చూపు ఎంతమేర అందుతుందో పరీక్షిస్తారు, ఫొటోలూ అడుగుతారు. 2020 జులై నుంచి ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగాల్లో ఈ ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి కూడా కావాలి. ఇంగ్లండ్‌లోనైతే చూపుకు అడ్డురాని రెప్పగడ్డను ప్రభుత్వ ఖర్చుతో తీయించుకోవాలంటే ఆర్నెల్లు ఓర్చుకుని, వేడి కాపడం పెట్టి చూడాలి.

ప్రజల డబ్బుకు లెక్క ఉండాల్సిందే. శుక్లాల ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న ముసలివాళ్లను దాటించి ఎవరి ముడతలో తీయమని నేను అడగను. పసిబిడ్డ సంగతి వేరు. రెప్ప కంటిపాపను కప్పేస్తే ఆ కంటితో చూడటం మెదడు నేర్చుకోదు, పెద్దయ్యాక రెప్ప ఎత్తినా ఆ చూపు పూర్తిగా రాకపోవచ్చు. అలాంటి బిడ్డను "నిద్రమొహం" అని ముద్దుచేస్తూ ఏళ్లు గడిపేసే ఇళ్లున్నాయి. అక్కడ కాగితాల కోసం ఒక్క నెల ఆగినా నాకు ఒళ్లు మండుతుంది.

పెద్దల దగ్గర నా పట్టు కొలత మీద. కంట్లో టార్చి వేసి, పాప మీద మెరిసే చుక్క నుంచి రెప్ప అంచు దాకా స్కేలుతో చూస్తారు. మామూలుగా 4 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. నుదుటితో ఎత్తిపట్టుకుని బతకడం అలవాటైన మనిషికి ఆ అంకె కాస్త పెద్దదిగానే వస్తుంది. అందుకే కనుబొమను బొటనవేలితో అదిమిపట్టి చూడాలి. వీలైతే పొద్దున ఓపీలో కాకుండా, పూలబుట్ట ఖాళీ అయ్యాక, సాయంత్రం ఆరింటికి చూడాలి.