తొలి కాన్పు: నిర్ణయం ఎవరిది?

నిన్న జీఎస్ రెండో పేపర్ కోసం ఆరోగ్య రంగం నోట్స్ రాసుకుంటూ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) అంకెల దగ్గర ఆగిపోయాను. తెలంగాణ ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5. బిహార్‌లో 9.7 మాత్రమే. (తక్కువ ఉంటే గొప్ప అనుకోవద్దు. అవసరమైనప్పుడు ఆపరేషన్ అందకపోయినా ప్రాణాలు పోతాయి.)

ఇలాంటి ప్రశ్న వస్తే మనందరం రాసే జవాబు ఒకటుంది: ప్రైవేటు ఆసుపత్రుల లాభాపేక్ష. నిజమే, తెలంగాణ ప్రైవేటులో ఇది 81.5 శాతం. కానీ అదే రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా 44.5 శాతం ఉంది. దేశమంతటా ప్రభుత్వ ఆసుపత్రుల సగటు 14.3. జననీ శిశు సురక్ష కార్యక్రమం వచ్చిన 2011 నుంచి సర్కారు దవాఖానలో సిజేరియన్ అయినా ఉచితమే. బిల్లు లేని చోట కూడా కత్తి పడుతోందంటే కారణం కొంత మన ఇళ్లలోనే వెతకాలి.

మా ఇంట్లోనే వెతుకుతాను. తొలి కాన్పు కాబట్టి అక్కను ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చాం. తొమ్మిదో నెల పడగానే అక్క అత్తమ్మ ఫోన్ చేసింది. "పంతులును అడిగినం, శుక్రవారం పొద్దుగాల మంచి నక్షత్రముంది." డాక్టరమ్మ కూడా కాదనలేదు. మా అమ్మ మమ్మల్నిద్దర్నీ ఇంట్లోనే మంత్రసాని చేతుల మీద కన్నది. రెండు రోజుల నొప్పుల సంగతి ఇప్పటికీ చెబుతుంది. "నేను పడ్డది చాలు, నా బిడ్డకెందుకు?" అంది. నాన్నది ఇంకో భయం. పుట్టింట్లో ఉండగా పిల్లకో, పసిబిడ్డకో ఏదన్నా అయితే జీవితాంతం మాట పడాల్సింది మేమే. ఆపరేషన్ చేయించాక ఏమైనా "డాక్టర్ చేతుల ఉండె" అనొచ్చు. నొప్పుల కోసం ఆగి ఏమన్నా అయితే "మీరు ఆగిన్రు" అంటారు. ఈ కారణం ఏ కమిటీ నివేదికలోనూ నాకు కనిపించలేదు. నాకు మాత్రం ముహూర్తం కన్నా ఇదే బలమైనదనిపిస్తుంది.

అక్క ఆ రాత్రి నాతో అన్నది ఒకే మాట. "నొప్పులల్ల అరిస్తే సిస్టర్లు తిడతరటరా." కాన్పు గదిలో గౌరవం కోసమే కేంద్రం 2017లో 'లక్ష్య' తెచ్చింది, 2018లో మిడ్‌వైఫరీ మార్గదర్శకాలిచ్చింది. వీటిని నేను బట్టీ పట్టాను. అక్కకు మాత్రం పక్కన కూర్చుని ధైర్యం చెప్పే మిడ్‌వైఫ్ ఎవరూ దొరకలేదు. శుక్రవారం బావ సంతకం పెట్టాడు, నేను సంచి మోశాను. నీకేం కావాలని అక్కను ఎవరూ అడగలేదు. ఎథిక్స్ పేపర్‌లో 'స్వయం నిర్ణయాధికారం' గురించి పేజీలు నింపే నేను కూడా అడగలేదు.

జనాభా స్థాయిలో సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంకెల్లో కనిపించని సంగతి మరొకటి. మొదటి కాన్పు ఎలా అయిందన్నదే చాలామందికి రెండోదాన్ని కూడా తేల్చేస్తుంది.

అక్కకిప్పుడు ఐదో నెల. "మొదటిది ఆపరేషనే కదా, ఇగ ఇది గూడ అంతే" అని బావ అప్పుడే తేల్చేశాడు. మొన్న ఫోన్‌లో అక్క అడిగింది: "నీ పుస్తకాలల్ల ఏమున్నదిరా, మొదటిది ఆపరేషనైతే రెండోది మామూలుగ కాదా?" చాలామందికి అవుతుందని, అయితే పాత కుట్టు ఎలా ఉందో చూడాలని, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రి అయి ఉండాలని చెప్పాను. నీ సంగతి డాక్టర్నే అడగమన్నాను.

సోమవారం చెకప్. అమ్మను రావద్దంది, బావనూ వద్దంది. నన్ను బండి మీద దింపి బయట ఉండమంది.