తూటా మీద కొట్టు పేరు

ఇంగ్లండు దక్షిణాన న్యూ ఫారెస్ట్ అడవిలో ఫ్రిథమ్ అని చిన్న ఊరుంది. అక్కడ గుర్రాలు, గాడిదలు రోడ్డు మీద యథేచ్ఛగా తిరుగుతుంటాయి. కార్లే ఆగి వాటికి దారి ఇస్తాయి. అడవిలోకి దిగే మట్టిదారి మొదట్లో ఓ పాత తపాలా పెట్టె కనిపించింది. ఆ దేశంలో తపాలా పెట్టెలు మన వాటిలాగే ఎర్రగా ఉంటాయి. ఇది మాత్రం నల్లది. కింద పల్లంలో ఒకప్పుడు తుపాకిమందు ఫ్యాక్టరీ ఉండేది. పోస్ట్‌మ్యాన్ రోజూ అంత దూరం దిగి ఎక్కే పని లేకుండా ఫ్యాక్టరీ ఉత్తరాల కోసం దీన్ని ఇక్కడ పెట్టారు.

మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లినాయన పాత షాట్‌గన్ తూటాలు సేకరిస్తారు. సౌతాంప్టన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు మా అల్లుడి ద్వారా పరిచయమయ్యారు. అల్లుడి ఆఫీసులో పనిచేసే ఒకాయనకు తండ్రి. వయసు డెబ్బై దాటింది. ప్రెస్సులో కంపోజిటరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు వేట అలవాటు లేదు, ఒక్క పిట్టనైనా కొట్టి ఎరగరు. తూటాల మీదికి ఆయన మనసు పోయింది వాటి మీది అక్షరాలు చూసి. "నా షెడ్డు తర్వాత చూద్దురుగాని, ముందు మందు ఎక్కడ తయారైందో చూడండి" అని బయల్దేరదీశారు.

మట్టిదారి దిగితే ఐవర్త్ చెరువు. చుట్టూ పెద్ద చెట్లు, నీళ్లలో బాతులు. ఏనాటి నుంచో ఉన్న కొలను అనుకుంటాం గానీ, ఫ్యాక్టరీవాళ్లు వాగుకు కట్ట వేసి నిలబెట్టుకున్న నీళ్లు అవి. అంత నీరు ఎందుకో ఆయన చెప్పుకొచ్చారు. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లటి తుపాకిమందే శతాబ్దాలుగా లోకమంతా వాడింది. దాంతో ఉన్న పెద్ద చిక్కు పొగ. జంట గొట్టాల తుపాకిలో మొదటి గొట్టం పేలగానే తెల్లటి పొగ తెరలా కమ్మేసి, రెండో గొట్టంతో గురి చూడటానికి ఏమీ కనిపించేది కాదు. 1860ల్లో షుల్ట్జ్ అనే ప్రష్యన్ ఫిరంగిదళ కెప్టెన్ కొయ్యతో మందు చేశాడు. కొయ్యను చిన్న పలుకులుగా కోసి, సోడాలో ఉడికించి, నత్రికామ్లం, గంధకామ్లం కలిపినదాంట్లో నానబెట్టి, ఆమ్లమంతా పోయేదాకా కడిగి, సురేకారం లాంటి లవణాల ద్రావణం పట్టించి ఆరబెట్టాలి. ఆ కడగడానికే ఇన్ని నీళ్లు. షుల్ట్జ్ పేరుతోనే ఇక్కడ కంపెనీ నడిచింది. ఈ అడవి మధ్య తయారైన మందు దేశం నలుమూలలా తూటాల్లోకి వెళ్లింది.

ఈ కంపెనీలో గ్రిఫిత్ అనే రసాయన శాస్త్రవేత్త 1880ల్లో చేసిన ప్రయోగం ఒకటి నాకు బాగా నచ్చింది. తూటాలోంచి వెళ్లే సీసపు గుండ్లన్నీ ఒక్కసారే లక్ష్యాన్ని తాకుతాయా అన్నది ఆయన ప్రశ్న. దానికి వేగంగా తిరిగే పెద్ద చక్రాన్ని గురిగా పెట్టి కాల్చారు. గుండ్లన్నీ ఒకేసారి తగిలితే గుర్తులు ఒక్కచోట గుంపుగా పడాలి. అవి చక్రం వెంబడి చెదిరి పడ్డాయి. అంటే గుండ్లు గాలిలో ముందువెనకలుగా బారు తీరి వెళ్తున్నాయన్నమాట. కంటికి అందని దాన్ని చక్రం మీద గుర్తులుగా పట్టుకున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కొన్నేళ్లకే ఫ్యాక్టరీ మూతపడింది. మేం అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

ఆయన షెడ్డు ఇంటి వెనక తోటలో ఉంది. తలుపు తీయగానే నాకు పాత ప్రెస్సులోకి అడుగుపెట్టినట్టు అనిపించింది. గోడ పొడవునా టైపు కేసులే. ఆయన పనిచేసిన ప్రెస్సు మూసేసినప్పుడు కొనుక్కున్నారట. సీసపు అక్షరాలుండే గళ్లలో ఇప్పుడు తూటాలు పడుకుని ఉన్నాయి. నారింజ, ముదురాకుపచ్చ, మెరూన్, పసుపు, ఊదా రంగు కాగితపు గొట్టాలు, కింద ఇత్తడి. నేను ముందు అడిగింది భద్రత గురించే. ఇక్కడున్నవన్నీ ఖాళీవి, కొన్నింటిలో అసలు మందు నింపనే లేదు. పాత తూటా ఏదైనా నిండుగా దొరికితే తాను విప్పరు. లైసెన్సున్న తుపాకుల వర్తకుడి దగ్గరికి పంపి ఖాళీ చేయిస్తారు. "మందుకు నిప్పు ముట్టించే క్యాప్ వందేళ్ల నాటిదైనా పేలొచ్చు. మొదటి పాఠం అదే" అన్నారు. లండన్‌లో తూటాలు చేసిన ఈలీ కంపెనీ మూలపురుషుడు విలియం ఈలీ క్యాపుల్లో వాడే పాదరసపు ఫుల్మినేట్ పేలి 1841లో చనిపోయిన సంగతి కూడా అప్పుడే చెప్పారు.

మొదటి గడిలో ఉన్నవి చిత్రంగా ఉన్నాయి. ఒక్కోదానికి ఇత్తడి పక్కనుంచి చిన్న సూది పైకి పొడుచుకొచ్చి ఉంది. పారిస్‌లో లెఫోషూ అనే తుపాకుల తయారీదారు 1830ల్లో తెచ్చిన పద్ధతి ఇది. మందు, గుండ్లు, నిప్పు పుట్టించే క్యాప్ మూడూ ఒకే గొట్టంలో ఇమిడాయి. తుపాకి సుత్తి ఆ సూది మీద పడితే అది లోపలి క్యాప్‌ను పొడుస్తుంది. అంతకుముందు తుపాకి గొట్టం మూతి నుంచి మందు పోసి, బిళ్ల కూరి, గుండ్లు పోసి, మళ్లీ కూరాలి. అయితే జేబులో వేసుకుంటే ఆ సూది దేనికైనా తగులుతుందేమోనన్న భయం ఉండేది. అడుగు భాగం నడిమధ్యలో క్యాప్ ఉండే తూటాకు 1855లో ఫ్రాన్సులో పొతే పేటెంటు తీసుకున్నాడు. లండన్‌లో జార్జ్ డా దాన్ని 1861లో అమ్మకానికి తెచ్చాడు. హక్కులు నావేనంటూ ఈలీ కంపెనీతో కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఆ తీర్పుతో ఆ పద్ధతి అందరి సొత్తయింది. ఇవాళ లోకంలో వాడే షాట్‌గన్ తూటాలు దాదాపు అన్నీ దాని సంతానమే.

ఇక ఆయన ప్రాణమంతా ఉన్న గళ్ల దగ్గరికొచ్చాం. లండన్ ఈలీ, బర్మింగ్‌హామ్ విటన్‌లోని కైనాక్ లాంటి పెద్ద కంపెనీలు తమ పేరు మీద తూటాలు అమ్మడమే కాకుండా, మందు నింపని ఖాళీ గొట్టాల మీద, అంటే కేసుల మీద, ఏ కొట్టు పేరు కావాలంటే ఆ పేరు అచ్చు వేసి ఇచ్చేవి. సంత జరిగే చిన్న ఊళ్లలో కూడా ఇనప సామాన్ల కొట్టువాడు తన పేరుతో తూటా అమ్మేవాడు. మేకులు, తాళాలు, పాల క్యాన్లు అమ్మే కొట్టు వెనక గదిలో, వేట కాలం రాకముందే, బల్ల ముందు కూర్చుని కేసులు నింపేవారు. అందుకే ఒక్కో కేసు మీద నెమలికోడి బొమ్మో, కుందేలు బొమ్మో, దాని కింద కొట్టు పేరు, వీధి, ఊరు. పేరున్న కంపెనీ తుపాకి వంశపారంపర్యంగా ఇంట్లో ఉండిపోతుంది, దాని చరిత్ర రాసేవాళ్లూ ఉంటారు. కాగితపు తూటా కాల్చాక కంచె పక్కన పడి వానకు నానిపోతుంది. ఆ కొట్టూ ఎప్పుడో మూతపడింది. వాటిలో చాలా కొట్లకు ఇక్కడి గడిలో ఉన్న ఈ ఒక్క కేసు తప్ప మరో ఆనవాలు లేదని ఆయన అన్నప్పుడు, ఈ సేకరణ ఎందుకు చేస్తున్నారని నేనింక అడగలేదు.

ఆకుపచ్చ కేసులు రెండు తీసి నా చేతిలో పెట్టి భూతద్దం ఇచ్చారు. రెండూ వేరు వేరు ఊళ్ల కొట్లవి. ఒకదాని అడుగున ఇత్తడి మీద కంపెనీ ముద్ర స్పష్టంగా ఉంది. రెండోదాని ముద్ర అరిగిపోయింది. "అక్షరాలు చూడండి" అన్నారు. చూశాను, నాకేం తెలియలేదు. ఆయన పెన్సిలు మొనతో చూపించారు. రెండింటి మీదా బొమ్మ కింద గీతలో, ఎడమ నుంచి ఒకే దూరాన, వెంట్రుకవాసి పగులు. ఒకే దిమ్మ నుంచి వచ్చిన బొమ్మ అన్నమాట. అయితే రెండోదీ ఆ ఫ్యాక్టరీదే. జీవితమంతా ప్రూఫులు చూసిన కన్ను కాబట్టి పట్టింది.

తేదీ కట్టడానికి మరికొన్ని గుర్తులున్నాయి. ఈలీ, కైనాక్ రెండూ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నోబెల్ కంపెనీ గొడుగు కిందికి చేరాయి. 1926లో నోబెల్ మరికొన్ని కంపెనీలతో కలిసి ఐసీఐ అనే రసాయనాల కంపెనీ అయింది. కాబట్టి ఇత్తడి మీద ఐసీఐ అనే మూడక్షరాలుంటే ఆ కేసు అంతకుముందుది కాదు. ప్లాస్టిక్ గొట్టం అయితే 1960 తర్వాతదే. ఆ ఏడు అమెరికాలో రెమింగ్టన్ మొదలుపెట్టింది. మూతి ఎలా మూశారన్నదీ చూస్తారు. ఇప్పటి తూటాల మూతి నక్షత్రంలా మడతలు పడి ఉంటుంది. పాతవాటికి గుండ్ల మీద అట్టబిళ్ల పెట్టి కాగితం అంచును లోపలికి చుట్టేవారు.

ఆ చుట్టే యంత్రం ఆయన దగ్గరుంది. షెఫీల్డ్‌లో చేసిన ఇత్తడి పనిముట్టు, బల్ల అంచుకు మరతో బిగించి ఉంది. ఖాళీ కేసు పెట్టి, ఒక చేత్తో మీట నొక్కుతూ రెండో చేత్తో పిడి తిప్పమన్నారు. తిప్పుతుంటే కాగితం రాపిడికి వేడెక్కి, కజ్జికాయ అంచు మడత పడ్డట్టు లోపలికి ఒరిగి బిళ్ల మీద కూర్చుంది. ఎక్కువ నొక్కితే గొట్టం నలుగుతుంది, తక్కువైతే దారిలోనే ఊడి గుండ్లు జేబులో రాలతాయి.

ఆ అట్టబిళ్లలనే ప్రత్యేకంగా సేకరించేవాళ్లున్నారట. గుండు పైసంత బిళ్ల మీద మందు పేరు, ఎంత పోశారో, గుండ్ల నంబరు. ఇది అలంకారం కాదు. షుల్ట్జ్ మందును పాత నల్ల తుపాకిమందు కొలగరిటెతోనే పోయగలిగేలా తయారుచేశారు. 3 డ్రాముల నల్ల తుపాకిమందు పట్టే చోట ఇది 42 గ్రెయిన్లు పడుతుంది. కొట్టువాళ్లు గరిటె మార్చుకునే పని లేకపోయింది. ఆ తర్వాత అంతకంటే చిక్కటి మందులు వచ్చాయి. వాటిని అలవాటు కొద్దీ అదే గరిటెతో పోస్తే తుపాకి గొట్టమే పగిలిపోతుంది. లోపల ఉన్నదేమిటో చెప్పడానికి ఆ బిళ్ల ఒక్కటే దిక్కు. చిన్న అచ్చు తప్పు ఒక మనిషి చెయ్యి తీసేయగలిగిన చోటు ఇది. ఆ మాట చెప్తున్నప్పుడు కంపోజిటరుగా ఆయన గొంతులో గౌరవం వినిపించింది.

నంబర్ల లెక్కలు మా అల్లుడు అడిగాడు. 12 బోరు అంటే, ఒక పౌను సీసాన్ని 12 సమాన గోళాలు చేస్తే అందులో ఒకటి సరిగ్గా పట్టే గొట్టం. అందుకే 20 బోరు 12 కంటే సన్నం. ఇంగ్లీషు 6 నంబరు గుండ్లు ఔన్సుకు 270 తూగుతాయి. వాటిని గుండ్రంగా చేసే ఉపాయం బ్రిస్టల్ నగరానికి చెందిన విలియం వాట్స్‌ది. 1782లో పేటెంటు తీసుకున్నాడు. కరిగిన సీసాన్ని ఎత్తు నుంచి జల్లెడగుండా వదిలితే, పడుతూనే గుండ్రబడి గట్టిపడి కింద నీళ్ల తొట్టిలో చేరుతుంది. ఇందుకోసం తన ఇంటినే పైకి పెంచి బురుజు కట్టాడు. ఆ సీసమే చెరువుల్లో పడి, గులకరాళ్లనుకుని మింగిన బాతుల్ని చంపుతోందని తర్వాత తేలింది. ఇంగ్లండులో 1999 నుంచి నీటిపక్షుల మీద సీసపు గుండ్లు వాడకూడదు. అది ఇంకా ముందే రావలసిన చట్టమని ఆయన అభిప్రాయం, నాదీ అదే.

పెద్ద కంపెనీలు కొట్లలో తగిలించడానికి నమూనా తూటాలను వలయాలుగా పేర్చి బోర్డులు చేసి ఇచ్చేవి. ఇవాళ వేలంలో అవి వేల పౌన్లు పలుకుతాయి. ఆయన దగ్గర ఒక్కటీ లేదు, కొనాలనీ లేదు. కొట్లలో గోడకు వేలాడి భద్రంగా మిగిలిన వాటికంటే, కొట్టంలో మేకుల డబ్బా అడుగున దొరికిన కేసు ఆయనకు ముద్దు.

చివరగా ఓ లావుపాటి రిజిస్టరు తీశారు. ఊళ్ల వారీగా కొట్ల పేర్లు, వీధులు, పాత వ్యాపార డైరెక్టరీల్లో ఆ పేరు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా కనిపించిందో ఆ వివరం. ఇండియాకు ఒక పేజీ ఉంది. అందులో కలకత్తా వర్తకుల పేర్లు మాత్రం రాసి ఉన్నాయి. మా దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకోకూడదని, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట కథ ముగిసిందని, 12 బోరు తూటాలు పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో శక్తిమాన్ పేరుతో తయారవుతాయని చెప్పాను. అవన్నీ రాసుకున్నారు. మన జమీందారీ ఇళ్ల అటకల మీద విలాయతీ తూటాల ఖాళీ డబ్బాలు, బిల్లులు ఎన్ని చెదల పాలయ్యాయోనని నాకు బెంగగా అనిపించింది. నిండు తూటా ఎవరింట్లో బయటపడినా దాన్ని కదిలించకుండా పోలీసులకు చెప్పాలి. ఖాళీ డబ్బా, రసీదు కాగితం మాత్రం పారేయకుండా ఎవరికైనా చూపిస్తే బాగుంటుంది.

"మద్రాసులో ఎవరున్నారు?" అని అడిగారు. మౌంట్ రోడ్డులో గడియారాలకు పేరుపొందిన పి. ఓర్ అండ్ సన్స్ వాళ్లు ఒకప్పుడు తుపాకులు కూడా అమ్మారని చెప్పాను. ఆయన జేబులో పెన్ను ఉంది. దాన్ని అక్కడే ఉంచి, బల్ల మీది పెన్సిలు తీసుకుని ఆ పేరు రాశారు. ఎందుకలా అంటే, పేజీలన్నీ తిప్పి చూపించారు. పెన్సిలు రాతలు చాలానే ఉన్నాయి. పేరున్న కేసు తన కంటితో చూశాకే దాని మీద సిరా దిద్దుతారట.