నీళ్లు మండవు

2025 కార్తీకమాసంలో మా ఇంట్లో ఒక కూలి మనిషికి రెండు రోజుల డబ్బులు ఆపేశారు. పంపు పెట్రోల్లో ఆమె నీళ్లు కలిపిందన్నది అభియోగం. నేనప్పుడు అక్కడే ఉన్నాను. ఆ మాట నేనూ నమ్మాను. ఇదంతా రాయడానికి కారణం అదే.

మాది పల్నాడు జిల్లాలో మిరప పండించే ఊరు. నాన్న పోయాక వ్యవసాయం అమ్మే చూసుకుంటోంది. 2021లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చేసిన దగ్గర్నుంచి, మందు కొట్టడం ఒక్కరోజు ఆలస్యమైనా అమ్మకు నిద్రపట్టదు. మందు కొట్టేది తైవాన్ పంపుతో. చిన్న ఇంజనుతో నడిచే ఆ పంపును వీపుకు తగిలించుకుంటారు. దాన్ని మోసేది మగమనిషి. ఆయనకు బిందెలతో నీళ్లు తెచ్చిపోసేది, మందు కలిపి అందించేది, ఇంటినుంచి పెట్రోలు పట్టుకొచ్చేది ఆడమనిషి. ఇంజను మోసిన వీపుకొక కూలి, బిందెలు మోసిన నడుముకు అంతకన్నా తక్కువ కూలి. ఈ తేడా గురించి నేను సెమినార్లలో పేపర్లు చదివాను. నా పిహెచ్‌డి కూడా తెలుగు కథల్లో శ్రామిక స్త్రీల మీదే.

ఆమె ఇరవయ్యేళ్లుగా మా చేలో పనిచేస్తోంది. నాకన్నా పదేళ్లు పెద్దది. అయినా మా ఇంట్లో అందరం ఆమెను 'నువ్వు' అనే అంటాం. నేనూ అంతే. పనికొస్తే వాకిట్లో నిలబడుతుంది తప్ప వసారా ఎక్కదు. ఎందుకెక్కదో మీకు చెప్పనక్కర్లేదు.

అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానలు వెలిశాక పంపు మొరాయించడం మొదలుపెట్టింది. తాడు లాగితే స్టార్టయ్యేది. ఒక నిమిషం మోగి, ఆయాసపడి ఆగిపోయేది. చోక్ వేస్తే ఇంకాసేపు నడిచేది. మెకానిక్ దగ్గరికి పంపిస్తే ప్లగ్గు మార్చాడు. షాపులో బాగానే నడిచింది. చేలోకొచ్చాక ఆగింది. రెండోసారి కార్బురేటర్ విప్పి కడిగాడు. మళ్లీ అక్కడ నడిచి, ఇక్కడ ఆగింది. అప్పుడు మా బాబాయి ట్యాంకు మూత తీసి, అందులోది గాజుసీసాలోకి వంచాడు. కాసేపటికి సీసాలో రెండు పొరలు తేలాయి. పైన ఆయిలు రంగు పెట్రోలు. అడుగున బొటనవేలు మందాన తేటగా ఇంకొకటి. చూసినవాళ్లందరికీ అది నీళ్లే.

"చూశావా వదినా! నీళ్ల సీసా, పెట్రోలు సీసా పక్కపక్కన పెట్టి ఉంటుంది. దేంట్లో ఏం పోసిందో దానికేం తెలుసు?" అన్నాడు బాబాయి.

"పెట్రోలుకీ నీళ్లకీ వాసన తెలవదా నాకు?" అందామె.

ఒక్కసారే అంది. ఎవరూ జవాబివ్వలేదు. వారం లెక్క చూసేటప్పుడు అమ్మ రెండు రోజులు తగ్గించింది.

మరి నేనేం చేశాను? "పాపం, పొరపాటున కలిసి ఉంటాయి. డబ్బులెందుకు ఆపడం?" అన్నాను. ఆమె తరఫున మాట్లాడానని అనుకున్నాను కూడా. నిజానికి ఆమె తప్పు చేసిందని బాబాయి ఎంత నమ్మాడో నేనూ అంతే నమ్మాను. కాకపోతే క్షమించమన్నాను. తప్పే చేయని మనిషికి క్షమాపణ ఇప్పించబోవడం ఎంత అవమానమో అప్పుడు తోచలేదు.

ఆ రాత్రి పడుకున్నాక మెకానిక్ సంగతి మనసులో తిరగడం మొదలైంది. షాపులో నడిచిన ఇంజను చేలో ఎందుకు నడవదు? అక్కడికీ ఇక్కడికీ మారిందేమిటి? షాపులో అతను ఇంజనుకు తన పెట్రోలు సీసా తగిలించి నడిపి చూపించాడు. అంటే ఇంజనులో దోషం లేదు. మా పెట్రోల్లో ఉంది. ఇంతవరకు బాబాయి మాటే నిజం. కానీ ఆ పెట్రోలు ఆమె చేతికి రాకముందు ఎలా ఉంది? ఈ ప్రశ్న మాలో ఎవరమూ వేసుకోలేదు.

పెట్రోలు ఉండేది వసారాలో, తెల్ల ప్లాస్టిక్ క్యానులో. దాంట్లోంచి సీసాలోకి ఒంపి ఆమెకు అందించేది అమ్మ. పొద్దున్నే ఆ క్యానులో మిగిలిన పెట్రోలు ఇంకో గాజుసీసాలో పోసి పెట్టాను. పావుగంటలో అవే రెండు పొరలు. ఆమె ఎన్నడూ ముట్టని క్యాను అది.

నాకు ఇంజన్లు కొత్తకాదు. డిగ్రీ రోజుల్లో నేను నడిపిన టీవీఎస్ ఎక్సెల్ కూడా టూస్ట్రోకే. ఈ ఇంజన్లకు విడిగా ఆయిలు చాంబరు ఉండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే లోపలికెళ్లి పిస్టన్‌ను, బేరింగులను తడుపుతుంది. మా పంపుకు లీటరుకు 40 మిల్లీలీటర్లు కలుపుతాం. అందుకే వీటిలో పెట్రోలు పాడైతే ఇంజను ఆగడంతో పోదు. లోపల తడిలేక పిస్టన్ గీసుకుపోతుంది.

ఎక్సెల్ నడిపిన రోజులకూ ఇప్పటికీ పెట్రోలు మారింది. ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ అంటే స్పిరిట్టు. దానికి నీళ్లంటే ప్రాణం. కొద్దిపాటి తేమనైతే తనలో ఇముడ్చుకుని పెట్రోల్లోనే ఉండిపోతుంది. హద్దు దాటితే మాత్రం పెట్రోలును వదిలేసి, నీళ్లతో కలిసి అడుక్కి చేరుతుంది. ఆయిలు పైపొరలోనే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం మొన ఉండేది అడుగునే. నిమిషంలో ఇంజను ఆగిపోవడం ఒకరకంగా మా అదృష్టం.

అడుగు పొర అంత మందంగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. అది ఎవరో గ్లాసెడు పోసిన నీళ్లు కాదు. కాసిని నీళ్లు, అవి పెట్రోల్లోంచి లాగిన బోలెడు స్పిరిట్టు. క్యాను నిండుగా ఉన్నన్నాళ్లూ పైపొరే ఒంపుకున్నాం కాబట్టి పంపు నడిచింది. అడుక్కొచ్చేసరికి మొరాయించింది.

అనుకోవడం వేరు, చూపించడం వేరు. సీసాలు దూరంగా పెట్టి, బాబాయినీ అమ్మనూ పెరట్లోకి పిలిచాను. మందుల సిరంజితో అడుగు పొరలోంచి నాలుగు చుక్కలు తీసి, స్టీలు గరిటెలో వేసి, అగ్గిపుల్ల దగ్గరపెట్టాను. మండింది. "నీళ్లయితే మండవు కదా బాబాయ్" అన్నాను. తర్వాత బంకు నుంచి తెప్పించిన అరలీటరు కొత్త పెట్రోల్లో రెండు చెంచాల నీళ్లు పోసి, కలిపి పెట్టాను. మొదట మబ్బుపట్టింది. తేరుకున్నాక అడుగున చేరింది పోసినదానికి కొన్ని రెట్లు ఉంది.

"అయితే ఆ కాసిని నీళ్లయినా ఎక్కణ్నుంచి వచ్చినట్టు?" అంది అమ్మ.

దసరాకి ఇల్లు కడిగింది నేను. వసారాలో జిడ్డు క్యాను చూడలేక సబ్బునీళ్లతో కడిగింది నేను. బోర్లించి ఆరబెట్టకుండా, మూతపెట్టి మూలన నిలబెట్టిందీ నేనే. మర్నాడు తమ్ముడు అందులోనే అయిదు లీటర్లు పోయించుకొచ్చాడు. ఈ మాట చెప్పడానికి నాకు నిమిషం పట్టింది. అమ్మ ఏమీ అనలేదు. బాబాయి మాత్రం "స్పిరిట్టు కలిపి అమ్మితే ఇట్టాగే ఏడుస్తది" అని లేచి వెళ్లిపోయాడు. తప్పు ఆమెది కానప్పుడు ఇంకెవరిదైనా కావచ్చు, ఇంటి ఆడపిల్లది మాత్రం కాకూడదు.

ఆ రెండు రోజుల డబ్బులు అమ్మ మర్నాడు ఆమె చేతిలో పెట్టింది. ఎందుకిస్తున్నదీ చెప్పలేదు. అందుకని సాయంత్రం నేనే వాళ్లింటికి వెళ్లాను. చేటలో బియ్యం చెరుగుతోంది. స్పిరిట్టు గురించీ, గరిటెలో మంట గురించీ, క్యాను కడిగిన సంగతీ అంతా చెప్పాను. చెరగడం ఆపకుండానే వింది.

"నేనారోజే చెప్పాను గదా పాపా" అంది.

నిజమే, చెప్పింది. పెట్రోలు ముట్టుకునే మనిషి, ముక్కుతో తెలిసిన విషయం చెప్పింది. కథల్లో కూలి స్త్రీ నోట వచ్చే ఒక్క వాక్యం పట్టుకుని నేను పేజీలకు పేజీలు రాశాను. నా ఎదురుగా నిలబడి అన్న వాక్యం నాకు సాక్ష్యంగా కూడా కనపడలేదు. ఆమె మాట నిజమని ఒప్పుకోవడానికి నాకు రెండు సీసాలు, సిరంజి, అగ్గిపెట్టె కావలసివచ్చాయి. అవి దొరక్కపోయి ఉంటే? ఆ రెండు రోజుల కూలి పోయేది. దాంతోపాటు, పెట్రోలుకీ నీళ్లకీ తేడా తెలియని మనిషన్న పేరు ఊళ్లో ఉండిపోయేది. ఇన్నేళ్లలో ఇలాంటివి ఇంకెన్ని నిలిచిపోయాయో ఆమెను అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పాడైన పెట్రోలు మళ్లీ కలిపితే బాగుపడదు. అంతా తీసేసి, ట్యాంకూ గొట్టాలూ ఆరబెట్టి, కొత్తది ఆయిలు కలిపి పోశాం. పంపు నడిచింది గానీ శబ్దం మారింది. మెకానిక్ విప్పితే పిస్టన్ మీద నిలువు గీతలున్నాయి. మార్చడానికి అయిన ఖర్చు ఆమె రెండు రోజుల కూలికన్నా చాలా ఎక్కువ.

అది అమ్మ కట్టింది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.