‘అర్థమైందా?’ అంటే ‘అయ్యింది సార్’

మొన్న ఆదివారం పొద్దున, సూరత్‌లోని నవాగామ్‌లో ఓ పద్మశాలీల ఇల్లు. దూరవిద్యలో డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి ఆన్‌లైన్ పాఠం వింటోంది. పక్క గల్లీలో సాంచెల (మరమగ్గాల) చప్పుడు. తెర మీది సారు గణాంకశాస్త్రం హిందీలో గబగబా చెప్పేసి, ‘సమఝ్ ఆయా?’ అన్నారు. ‘జీ సర్’ అని టైప్ చేసింది అమ్మాయి.

ఫోన్ కట్టేయగానే తల్లి అడిగింది: ‘నిజంగ అర్థమైందా?’

‘లేదమ్మా. మళ్ల అడిగితే సారు ఏమనుకుంటడో.’

ఆ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లిన ఈ వ్యాసకర్తకు ఆ మాట రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. సారును తిరిగి అడగడం మన ఇళ్లలో నేర్పరు. ‘అయ్యింది సార్’ అనేది చాలాసార్లు ఉత్త మర్యాద. ఎక్కడో కూర్చున్న సారుకు ఆ సంగతి తెలియాలంటే, ఆ పిల్ల ఇంట్లో ఏం మాట్లాడతారో ఒక్కసారైనా కనుక్కోవాలి. చేరినప్పటి ఫారంలో మాతృభాష గడి ఉంది, అందులో తెలుగు అని రాసీ ఉంది. ఏడాదిన్నరలో అది చూసి పలకరించిన వారు ఒక్కరూ లేరు!

సూరత్‌ను మాత్రం ఒక్క మాట అనలేం. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ ప్రాథమిక బడులు నడిపే నగరపాలక సంస్థ ఇది. బతుకుతెరువుకు వచ్చిన వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో అక్షరాలు దిద్దించిన ఊరికి దండం పెట్టాల్సిందే.

లోటంతా ఈ డిగ్రీ పాఠం దగ్గరే. అలాగని దూరవిద్య మనకు కొత్తా? దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. తొలి వైస్‌ఛాన్సలర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో వచ్చినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్‌ఛాన్సలర్. చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి ఆ హైదరాబాద్ విశ్వవిద్యాలయంతోనే తెరుచుకుంది. తెలుగు పుస్తకాలు, రేడియో పాఠాలు, స్టడీ సెంటర్లో ముఖాముఖి తరగతులు అన్నీ ఉండేవి. ఈ వ్యాసకర్త మేనమామ అలా చదివినవాడే. సాంచె దిగి, నూలు పోగులు అంటిన చొక్కాతోనే తరగతికి పోయేవాడు. అక్కడ పాఠం చెప్పే కౌన్సిలర్ పక్కన కూర్చుని, ‘ఎక్కడ ఆగింది తమ్మీ?’ అని అడిగేవాడట. ఆ ప్రశ్నకు ‘అయ్యింది సార్’ అని తప్పించుకోవడం కుదరదు.

అదే ప్రశ్న అడిగితే తేలింది, నవాగామ్ అమ్మాయికి ఆగింది ‘మానక్ విచలన్’ దగ్గర. మన భాషలో ప్రామాణిక విచలనం. తండ్రి నడిపే ఆరు సాంచెల మీద ఆ రోజు దిగిన బట్ట ఎన్ని మీటర్లో తల్లి ఒక్కొక్కటే చెప్పింది. పిల్ల సగటు కట్టి, ఏ సాంచె దానికి ఎంత ఎడంగా ఉందో రాసుకుంది. మిగతా లెక్క తనే చేసుకుంది.

ఉధనా, లింబాయత్, నవాగామ్‌లలో డిగ్రీ పూర్తిచేసిన తెలుగు పిల్లలారా, ఆదివారం ఒక్క గంట ఇలాంటి వాళ్ల పక్కన కూర్చోండి. ఎక్కడ ఆగిందో అడగండి.