కొండగట్టు శిలాఫలకమూ, మూడు కటకాలూ

మా చిన్నబావకు కోరుట్లలో ఒక చిన్న ఫోటో స్టూడియో ఉంది. పాసుపోర్టు ఫోటోలతో రోజు గడుస్తుంది, పెళ్ళిళ్ళతో సంవత్సరం గడుస్తుంది. ఆయన చేతిలో ఉన్నది 2013 నాటి 24 మెగాపిక్సెళ్ళ కెమెరా, దానితోపాటు పెట్టెలో వచ్చిన 18–55 మి.మీ. జూమ్ లెన్సు. వృత్తిలో ఉన్నవాళ్ళు దీన్ని "కిట్ లెన్సు" అని కాస్త చులకనగానే పిలుస్తారు. వైశాఖ మాసపు ముహూర్తాలకు ముందు, జగిత్యాలలో స్టూడియో ఎత్తేస్తున్న ఒకాయన తన 17–50 మి.మీ. ఎఫ్/2.8 లెన్సును 18,000 రూపాయలకు ఇస్తానన్నాడు. బావ దగ్గర అంత సొమ్ము లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి. అంటే నెలకు 360 రూపాయలు, లెన్సు పని చేసినా చేయకపోయినా.

"నువ్వైతే గీ లెన్సుల ముచ్చట ఎప్పుడూ సదువుతనే ఉంటవు గద బామ్మర్ది. పైసలు వెట్టాల్నా, వద్దా? ఒక్క మాట జెప్పు" అన్నాడు.

ఒక్క మాటలో చెప్పగలిగే సంగతి కాదిది. అంతర్జాలంలో ప్రతి లెన్సుకూ పరీక్షాఫలితాలు దొరుకుతాయి. కాని వాటిలో అధికభాగం ఎవరో ఒకరు, ఏదో ఒక ప్రతిని తీసుకుని పరీక్షించి రాసినవి. చాలా కంపెనీలు ప్రచురించే ఎంటీఎఫ్ రేఖాపటాలు లెన్సు డిజైను నుంచి గణించినవే కాని, మనం కొనబోయే లెన్సును కొలిచి గీసినవి కావు. జైస్ వంటి కొద్దిమంది కొలిచి ఇస్తారు. అదీ మన ప్రతిని కాదు. జగిత్యాలాయన లెన్సు పదేళ్ళపాటు పెళ్ళిమండపాలలో తిరిగినది. దాన్ని గురించి చెప్పగలిగేది అదొక్కటే.

ఇందుకు 50 మి.మీ. స్థిర కటకంతో పోలిక పెడితే విషయం తేటపడుతుంది. 1896లో పాల్ రుడాల్ఫ్ జైస్ సంస్థ కోసం రూపొందించిన ప్లానార్ వంశానికి చెందిన ఈ రకం లెన్సుల్లో ఆరేడు గాజుబిళ్ళలు ఉంటాయి, దాదాపు అన్నీ కలిసే కదులుతాయి. జూములో పదహారు దాకా ఉంటాయి. అవి గుంపులుగా విడిపోయి ఒకదానికొకటి దగ్గరగా జరుగుతూ, దూరంగా పోతూ ఉండాలి. ఒక్క బిళ్ళ వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా బొమ్మలో ఒక పక్క మసకబారుతుంది. స్టిల్ కెమెరాలకు జూము పుట్టింది 1959లో, ఫోయిక్ట్‌లాండర్ జూమార్ 36–82తో. 1963లో నికాన్ తెచ్చిన 43–86 బాగా అమ్ముడుపోయి, గీతలను వంచుతుందన్న అపకీర్తినీ అంతే బాగా మూటగట్టుకుంది. జూము అంటే రాజీ అనే నమ్మకం ఆ రోజుల నుంచి వచ్చినదే. ఈనాటి కిట్ లెన్సును చూసి కూడా అదే మాట అనడం అన్యాయమని నా అభిప్రాయం. అయితే అభిప్రాయాల మీద అప్పు చేయమని ఎవరికీ చెప్పలేం కదా.

పరీక్షకు కొండగట్టును ఎంచుకోవడానికి పుణ్యమూ పురుషార్థమూ రెండూ కారణాలే. అక్కకు అంజన్న మొక్కు ఉండనే ఉంది. మంగళ, శనివారాల రద్దీ తప్పించుకుని ఒక బుధవారం తెల్లవారుతూనే గుట్ట ఎక్కాం. అక్క దర్శనానికి వెళ్ళింది. మేమిద్దరం ఒక సత్రం గోడకు బిగించిన దాతల శిలాఫలకం ముందు ముక్కాలిపీట వేసుకున్నాం. అది గోడ నీడలో ఉంది కనుక వెలుగు గంటసేపు మారదు. నల్లరాతి మీద తెల్లటి అక్షరాలు. పైవరుసలో లక్షా నూటపదహార్లు, దిగేకొద్దీ అక్షరాలూ సొమ్మూ రెండూ చిన్నవై, అడుగు మూలల్లో వెయ్యినూటపదహార్లు.

లెన్సు పరీక్షలకు అమెరికా వాయుసేన 1951లో చేసిన గీతల పటం లోకప్రసిద్ధం. నాకు మాత్రం తెలుగు లిపిని మించిన పరీక్షాపటం లేదనిపించింది. రోమన్ అక్షరం కాస్త మసకబారినా దాన్ని గుర్తుపట్టగలం. తెలుగులో అట్లా కాదు. ప, ష, వ, మధ్య భేదమంతా ఒక చిన్న మెలికలో ఉంటుంది. ర పొట్టలో చుక్క పడితే ఠ అవుతుంది. ద, ధ, థ మూడింటినీ వేరుచేసేది ఒక చుక్కా, కింద ఒక గీటూ. ఆ చుక్క కనబడిందా లేదా అన్నదే ప్రశ్న. దానికి గ్రాఫులూ గణితమూ అక్కరలేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కెమెరా ఫలకానికి సమాంతరంగా లేకపోతే ఒక పక్క మసక రావడం లెన్సు దోషమో, మన దోషమో తేలదు. స్టూడియోలో గిరాకీలు తల దువ్వుకునే అద్దాన్ని బావ తెచ్చాడు. దాన్ని ఫలకం నడుమ ఆనించి, వ్యూఫైండరు మధ్యలో మన లెన్సు ప్రతిబింబమే కనబడేదాకా కెమెరాను జరపాలి. అప్పుడే సమాంతరం. (ఆ అద్దం మీద ఒక కోతి కన్ను పడింది. అక్క ప్రసాదం కొబ్బరిచిప్ప ఇచ్చి సంధి కుదిర్చింది.) తరువాత వణుకు నివారించే మీట ఆపి, లైవ్‌వ్యూలో బొమ్మను పెద్దది చేసి చేత్తో ఫోకసు పెట్టి, రెండు సెకన్ల టైమరుతో, ఒక్కొక్క ఎపర్చరు వద్ద రెండేసి ఫోటోలు తీశాం.

50 మి.మీ. వద్ద మూడు లెన్సులూ పోటీలో ఉన్నాయి. మిత్రుడి దగ్గర అరువు తెచ్చిన 50 ఎఫ్/1.8 లెన్సు పూర్తిగా తెరిచినప్పుడు అక్షరాల చుట్టూ పలచటి తెల్లని పొర వచ్చింది. ఎఫ్/4కు చేరేసరికి రాతిలో ఉలి జారిన గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. కిట్ లెన్సు అక్కడ ఎఫ్/5.6 దగ్గరే మొదలవుతుంది. ఎఫ్/8 వద్ద మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పకుండా బావకు చూపిస్తే నడిమి భాగంలో భేదం పట్టలేకపోయాడు. నేనూ పట్టలేకపోయేవాణ్ణే. ఎఫ్/16 వద్ద మూడూ సమానంగా మెత్తబడ్డాయి. అక్కడ ఒక కాంతిబిందువు సుమారు 21 మైక్రాన్ల వెడల్పున పరుచుకుంటుంది. ఈ సెన్సరులో ఒక్కో పిక్సెల్ నాలుగు మైక్రాన్లు. ఎంత ధర పెట్టినా వెలుగు తన స్వభావం మార్చుకోదు.

అసలు కథ 24 మి.మీ. వద్ద బయటపడింది. పెళ్ళిలో గ్రూపు ఫోటోలన్నీ ఈ పరిసరాల్లోనే తీస్తారు. జగిత్యాల లెన్సు కుడి అంచున అద్భుతంగా ఉంది. ఎడమ అంచున ఎవరో రాథోడ్ గారి పేరులో థ పొట్టలోని చుక్క మాయమై, చుట్టూ ఉన్న గుండ్రం కూడా అటూ ఇటూ సాగింది. ఎఫ్/2.8 వద్దా అంతే, ఎఫ్/5.6 వద్దా అంతే, ఎఫ్/8 వద్ద కొంచెం నయం. అంచుకే విడిగా ఫోకసు పెట్టి చూశాం. మారలేదు. చివరికి కెమెరాను తలకిందులు చేసి అదే ఫలకాన్ని మళ్ళీ తీశాం. ఈసారి రాథోడ్ గారి చుక్క తిరిగి వచ్చింది, కుడివైపు దాతల పేర్లు మసకబారాయి. గోడ వంకర అయితే మసక గోడను అంటిపెట్టుకునే ఉండేది. లెన్సుతోపాటు అది తిరిగింది కనుక లోపల ఏదో బిళ్ళ ఒరిగిందన్నమాట. కిట్ లెన్సు అదే 24 వద్ద, ఎఫ్/5.6 దగ్గర, రెండు అంచులనూ సమానంగా, కొంచెం మెత్తగా, కాని చదవగలిగేటట్లు చూపింది.

"మూలల ఎవలు జూస్తరు బామ్మర్ది? పెండ్లిపిల్ల నడుమల ఉంటది గద" అన్నాడు బావ. ఆ మాట కొట్టిపారేయలేం. పెళ్ళి ఫోటోలో అంచుల్లో ఉండేవి సాధారణంగా పూలదండలూ, గుడ్డలూ, లైటు పట్టుకున్న కుర్రవాడి మోచేయీ.

ఆ సంభాషణ నడుస్తుండగానే మెట్‌పల్లి వైపు నుంచి మాల వేసుకోవడానికి వచ్చిన పదిహేనుమంది మమ్మల్ని చుట్టుముట్టారు. ముక్కాలిపీట చూసి దేవస్థానం ఫోటోగ్రాఫర్లమనుకున్నట్టున్నారు. "స్వామీ, మాదిగూడ ఒకటి దియ్యండ్రి." బావ వాళ్ళను మెట్ల మీద మూడు వరుసల్లో నిలబెట్టాడు. ఈ పని ఆయన చేస్తుంటే చూడాలి. రెండు మాటల్లో పొట్టివాళ్ళు ముందుకూ, పొడుగువాళ్ళు వెనక్కూ, చెప్పులు ఫ్రేములోంచి బయటకూ వెళ్ళిపోతాయి. రెండు జూములతోనూ, 24 మి.మీ., ఎఫ్/5.6 దగ్గర తీశాడు. కాషాయాల నడుమ ఎడమ కొసన ఒక ముసలాయన నిలబడ్డాడు. అందరికంటే చివర వచ్చి, చోటు లేక అక్కడ నిలిచినవాడు.

సాయంత్రం కోరుట్లలో కంప్యూటరు మీద ఆ రెండు ఫోటోలనూ పెద్దవి చేశాం. జగిత్యాల లెన్సులో నడుమ ఉన్న గురుస్వామి గడ్డంలో ఒక్కొక్క వెంట్రుకా కనిపించింది. ముసలాయన కళ్ళు మాత్రం బూడిదరంగు చారలు. కిట్ లెన్సులో గురుస్వామి గడ్డం కొంచెం మామూలుగా ఉంది. ముసలాయన కనుబొమలు, నుదుట సింధూరం, మెల్లగా మొదలవుతున్న నవ్వు, అన్నీ ఉన్నాయి. బావ చాలాసేపు మాట్లాడలేదు.

"గ్రూపు ఫోటోల కొసకు ఎవలు నిలవడ్తరో ఎర్కనా నీకు? ముసలోల్లు, దూరపు సుట్టాలు. గాల్లకు మల్ల ఫోటో దొర్కుతదో లేదో."

నేను పుస్తకాల్లో ఎక్కడా చదవని లెన్సు పరీక్ష అది. తరువాత ఆలోచిస్తే రాజా దీన్ దయాళ్ (1844–1905) గుర్తుకువచ్చాడు. నిజాం ఆస్థానంలో ఆయన తీసిన బృందచిత్రాల్లో కొసన నిలబడ్డ నౌకరు ముఖం కూడా తేటగా ఉంటుంది. పెద్ద గాజుపలకను ఉన్న కొలతకే కాగితం మీద అచ్చు తీసేవారు కనుక లెన్సు దోషాన్ని పెద్దది చేసి చూపే అవకాశమే ఉండేది కాదు. మనం బొటనవేలంత సెన్సరు మీద పడిన బొమ్మను 12x18 అంగుళాల ఆల్బమ్ పుటకు సాగదీస్తాం. వెడల్పున సుమారు ఇరవై రెట్లు. దోషం కూడా అంతే సాగుతుంది.

ఎఫ్/2.8 వాదంలో మరొక భాగం ఉంది, అదే నిజమైన బలం. జూము కొసన కిట్ లెన్సు ఎఫ్/5.6 అయితే ఇది నాలుగు రెట్ల వెలుగు తెస్తుంది. రాత్రి పెళ్ళిలో ఐఎస్ఓ 6400 పెట్టవలసిన చోట 1600తో సరిపెట్టుకోవచ్చు. గింజలు గింజలుగా వచ్చే చర్మానికీ, మామూలు చర్మానికీ ఉన్నంత భేదం అది. కాని 50 ఎఫ్/1.8 దాదాపు పది రెట్లు తెస్తుంది, ధర జగిత్యాల లెన్సులో సగం ఉంటే ఎక్కువ. ఇబ్బందల్లా ఇరుకు ఇళ్ళలో వెనక్కి జరగడానికి చోటు లేకపోవడం. ఈ సెన్సరు మీద అది 75 మి.మీ. చూపునిస్తుంది. నలుగురిని పట్టించాలంటే ఫోటోగ్రాఫరు వంటింట్లోకి వెళ్ళాలి.

పదును మరీ ఎక్కువైనా తంటాయేనని అదే వారం తెలిసింది. స్టూడియోలో తెర కోసం సిరిసిల్ల నుంచి తెచ్చిన సన్నగళ్ళ మరమగ్గం గుడ్డ ఉంది. 50 లెన్సుతో ఎఫ్/5.6 వద్ద తీస్తే దాని మీద లేని రంగుల అలలు లేచాయి. పడుగు పేకల దారాల ఎడం సెన్సరు గళ్ళ ఎడానికి దగ్గరపడితే ఇట్లా జరుగుతుంది. ఈ కెమెరా సెన్సరు ముందు ఆ పదునును తగ్గించే జల్లెడ లేదు. కిట్ లెన్సు అదే గుడ్డను గుడ్డగానే చూపింది. చీర రంగు మారిందని గిరాకీ గొడవపెడితే ఎంటీఎఫ్ పటం చూపి ఒప్పించలేం.

జగిత్యాలాయన మూడు వేలు తగ్గిస్తానన్నాడు. బావ ఎడమ కొస సంగతి ఆయనకు ఫోటో చూపించి మరీ చెప్పి, వద్దన్నాడు. 50 ఎఫ్/1.8 కొన్నాడు, మిగిలిన సొమ్ముతో ఒక ఫ్లాషూ, అప్పు చేయకుండానే. గ్రూపులకు కిట్ లెన్సు, ఎఫ్/8. పెద్ద లెన్సు కనబడకపోతే పెళ్ళివారు "గింత సిన్న కెమెరానా" అంటారన్న దిగులు ఆయనకు ఇప్పటికీ ఉంది. ఆ దిగులుకు నా దగ్గర మందు లేదు.

జగిత్యాల లెన్సును వారం తిరగకముందే మరొకాయన కొన్నాడు, దోషం తెలిసే కొన్నాడు. ఆయన తీసేది వీడియోలు మాత్రమే. 1920x1080 అంటే రెండు మెగాపిక్సెళ్ళు. ఆయన తీసిన ఒక పెళ్ళి వీడియోను బావ ఎడమ కొసనే చూస్తూ చివరిదాకా చూశాడట. ఏమీ కనబడలేదన్నాడు.