మూడు చక్రాలే పాసయ్యాయి!

పాత కారుకు పాత చక్రాలే గతి. అంగట్లో అవి కొత్తవాటిలా తళతళలాడుతూనే కనిపిస్తాయి. మరి ఆ మెరుపును నమ్మి బిగించేయొచ్చా? విజయవాడ పటమటలోని ఓ ఇంటి వరండాలో వారం రోజులపాటు సాగిన పరీక్ష ఇది. పరీక్ష పెట్టింది తాతయ్య, రాసింది మనవరాలు!

'కొలిచావా?'

ఆటోలోంచి నాలుగు డిస్కులు దింపుతున్న కొడుకును పెద్దాయన అడిగిన మొదటి మాట అదే. ఎంతకిచ్చాడనీ, ఎక్కడ కొన్నావనీ అడగలేదు.

'కొలిచేదేముంది నాన్నా! అన్నీ మారుతీ ఎనిమిదొందలవే. షాపతను చెప్పాడుగా. పైగా రంగు కూడా వేసిచ్చాడు, చూడు ఎలా మెరుస్తున్నాయో!'

'అదే నా భయం' అన్నారాయన కుర్చీలోంచి లేస్తూ.

ఆయనకు 78 ఏళ్లు. ఆటోనగర్‌లో ఓ లేతు షాపులో నలభై ఏళ్లపాటు టర్నరుగా చేశారు. చెయ్యి వణుకుతోంది, ఒక కంటికి శుక్లం. అయినా తన వెర్నియర్‌ను మాత్రం ఇప్పటికీ నూనె గుడ్డలో చుట్టి బీరువాలోనే దాచుకుంటారు.

ఆ ఇంట్లో మారుతీ 800 కారు ఆయన కొన్నదే. ఆ మోడలు మన రోడ్లమీదికి 1983లో వచ్చింది, 2014లో తయారీ ఆగిపోయింది. ఈ కారు మాత్రం ఇంకా ఆగలేదు. ఏటా సర్వీసింగు, గడువు తీరగానే రిజిస్ట్రేషన్ రెన్యువలు... అన్నీ పద్ధతిగా జరుగుతూనే ఉన్నాయి. చిక్కల్లా చక్రాలతోనే. టైరు కూర్చునే అంచులు తుప్పు పట్టి పొరలు లేస్తున్నాయి. నాలుగు రోజులకోసారి గాలి దిగిపోతోంది. ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చారు. కానీ మనవరాలికి గుంటూరులో ఉద్యోగం వచ్చింది. రోజూ తాతయ్య కారులోనే వెళ్లొస్తానని పట్టుబట్టింది. అందుకే ఈ డిస్కుల వేట.

టేపు అబద్ధం చెప్పిందా?

'నా కళ్లు ఆనవుగానీ, నువ్వు కొలువమ్మా. నేను చెబుతాను' అన్నారు తాతయ్య. మనవరాలు టేపు తీసుకుని డిస్కు ఈ అంచు నుంచి ఆ అంచుకు పట్టింది. 13 అంగుళాలు దాటింది!

'తాతయ్యా, మనకు కావాల్సింది 12 కదా. నాన్న వేరే కారువి తెచ్చేశాడు' అంది కంగారుగా.

ఆయన నవ్వారు. ఈ పొరపాటు అందరూ చేసేదే. చక్రం సైజు 12 అంటే అది అంచు నుంచి అంచుకు కొలిచేది కాదు. టైరు అడుగుభాగం ఆనుకుని కూర్చునే గట్టు దగ్గర కొలవాలి. టైరు పక్కకు జారిపోకుండా ఆపే అంచు ఆ గట్టుకన్నా పైకి లేచి ఉంటుంది. బయటినుంచి కొలిస్తే అదీ కలిసొచ్చి అంగుళానికి పైగా ఎక్కువ చూపిస్తుంది. వెడల్పూ అంతే. టైరు రెండు పక్కలూ ఆనే అంచుల లోపలి ముఖాల మధ్య దూరాన్నే కొలవాలి. ఇనుప డిస్కుల మీద ఈ అంకెలు గుద్ది ఉంటాయి. రంగు మందంగా వేస్తే అవే మూసుకుపోతాయి. గోటితో గీకితే ఒకదానిమీద 12, 4 బయటపడ్డాయి.

తర్వాత నట్లు బిగించే రంధ్రాలు. ఎదురెదురు రంధ్రాల మధ్య బిందువుల దూరం ఎంతో తెలియాలి. మధ్య బిందువు కంటికి కనిపించదు కదా? దానికో ఉపాయం ఉంది. ఒక రంధ్రం బయటి అంచు నుంచి ఎదుటి రంధ్రం బయటి అంచు దాకా కొలిచి, అందులోంచి ఒక రంధ్రం వ్యాసాన్ని తీసేస్తే సరి. మారుతీ 800కు అది 114.3 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లలో వింతగా కనిపించే ఈ అంకె అంగుళాల్లో సరిగ్గా నాలుగున్నర!

'ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే ఏమవుతుంది తాతయ్యా? నట్టు ఎక్కితే చాలదా?'

'ఎక్కడమే ప్రమాదం' అన్నారాయన.

ఫియట్ పాలియో డిస్కుకు ఆ కొలత 98, స్విఫ్ట్‌కు 100. ఒకదాని చక్రం ఇంకోదానికి పెడితే నట్లు ఎలాగోలా ఎక్కేస్తాయి. బిగించినవాడికి బాగానే ఉందనిపిస్తుంది. కానీ నట్టు తన గుంటలో నిండుగా కూర్చోదు, ఓ పక్కకే ఒరుగుతుంది. లోపల స్టడ్డు వంగే ఒత్తిడిలో ఉంటుంది. బండి నడిచేకొద్దీ నట్టు వదులవడమో, స్టడ్డు తెగడమో జరగొచ్చు.

తర్వాత డిస్కును బోర్లించి, వెనక అంచులమీద అడ్డంగా ఓ తిన్నని చెక్క స్కేలు పెట్టించారు. స్కేలు నుంచి హబ్బుకు ఆనే ముఖం దాకా లోతు కొలిపించారు. ఈ లోతు తగ్గితే చక్రం బయటికి పొడుచుకొచ్చి బేరింగుల మీద భారం పెరుగుతుంది. ఎక్కువైతే లోపల ఏదో ఒకదానికి రాసుకుంటుంది. పాత డిస్కు కొలత పక్కన కొత్తగా వచ్చిన నాలుగింటి కొలతలూ మనవరాలు నోటుబుక్కులో రాసింది. అన్నీ సరిపోయాయి.

'చూశావా నాన్నా? అనవసరంగా అనుమానపడ్డావు' అన్నాడు కొడుకు.

'ఇంకా తిప్పి చూడలేదురా' అన్నారు పెద్దాయన.

స్క్రూడ్రైవరు పట్టించింది

కారు ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, మొదటి గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు తీసేశారు. మారుతీ 800లో ఇంజిను తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి, జాకీతో లేపిన వెనక చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద ఓ దుంగ కూడా పెట్టారు. టైరు లేని డిస్కును బిగించి, ఇటుకకు కట్టిన స్క్రూడ్రైవరు మొనను అంచుకు వెంట్రుకవాసి దూరంలో నిలబెట్టారు. మెల్లగా తిప్పుతూ ఆ సందునే చూడాలి. ఇనుప డిస్కుకు మిల్లీమీటరు అటూ ఇటూగా ఊగినా ఫర్వాలేదు. అంతకు మించితే స్టీరింగు వణుకు, టైరు ఒక పక్కే అరుగుదల.

మొదటి మూడూ నిమ్మళంగా తిరిగాయి. నాలుగోది సగం చుట్టు తిరిగేసరికి స్క్రూడ్రైవరుకు 'టక్' మని తగిలింది. ఇంకో చుట్టులో మళ్లీ అక్కడే.

తాతయ్య ఏమీ అనలేదు. వైరు బ్రష్షు తెమ్మన్నారు. అంచు దగ్గర రంగు గీకుతుంటే తెల్లటి పొడి రాలింది... లప్పం! గోతిలో పడి సొట్టపోయిన అంచును సుత్తితో కొట్టి, మిగిలిన లోతును లప్పంతో నింపి, పైన వెండి రంగు కొట్టేశారు. ఇంకా గీకితే నట్ల రంధ్రాల మధ్య సన్నగా ఓ గీత. గీరుకుపోయిన గుర్తా, పగులా?

అది తేల్చడానికి తాతయ్య ఓ సీసాలో దాచిన కిరోసిన్, మనవరాలి పాత పలకల రోజుల నాటి సుద్దముక్క చాలాయి. ఆ చోటంతా శుభ్రంగా తోమి, కిరోసిన్ రాసి, కాసేపు నాననిచ్చి, పొడిగుడ్డతో తుడిచేశారు. పైన సుద్దపొడి చల్లారు. పగులుంటే అందులో ఇంకిన కిరోసిన్ మెల్లగా పైకి వచ్చి సుద్దను తడుపుతుంది. ఇదేమీ కొత్త కిటుకు కాదు. ఒకప్పుడు రైలు చక్రాలనూ ఇరుసులనూ ఈ నూనె, సుద్ద పద్ధతిలోనే పరీక్షించేవారు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఎర్రరంగు ద్రవంతో చేసే పరీక్షకూ మూలం ఇదే.

అయిదు నిమిషాలైంది. తెల్లటి పొడి మీద ఓ రంధ్రం నుంచి ఇంకో రంధ్రం వైపు వెంట్రుకలాంటి తడి గీత పాకింది.

రోజుకు 44 వేల చుట్లు

'వెల్డింగు చేయిద్దాం నాన్నా. ఆటోనగర్‌లో పది నిమిషాల పని' అన్నాడు కొడుకు.

పెద్దాయన మనవరాలిని లెక్క కట్టమన్నారు. 145/70 ఆర్ 12 టైరు వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు. అంటే చుట్టుకొలత దాదాపు 1.6 మీటర్లు. కిలోమీటరుకు చక్రం 625 సార్లు తిరుగుతుంది. గుంటూరు 35 కిలోమీటర్లు. పోయి రావడానికి రోజుకు దాదాపు 44 వేల చుట్లు. ప్రతి చుట్టులోనూ బరువు కిందికి వచ్చిన చోట డిస్కు కంటికి తెలియనంతగా వంగి, మళ్లీ లేస్తుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగిపోయినట్టే... పగులు కొసన ఇనుము ప్రతి చుట్టుకూ కాస్త కాస్త చిరుగుతూ పోతుంది. వెల్డింగు పెడితే పైన అతుకుతుంది. కానీ ఆ వేడికి పక్కనున్న ఇనుము గుణం మారుతుంది. కొత్త పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

అంతవరకూ లెక్కే. ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.

షాపులో చేరిన కొత్తలో ఓ ట్యాక్సీ డ్రైవరు పగిలిన డిస్కు తెచ్చాడట. పెళ్లి కిరాయి ఉంది, సాయంత్రానికి కావాలన్నాడు. వద్దని చెప్పాలని ఈయనకు తెలుసు. చెప్పలేదు. వెల్డింగు చేయించి, లేతు మీద ముఖం చదును చేసి ఇచ్చేశారు. పది రోజులకు బందరు రోడ్డులో చక్రం ఊడిపోయింది. వెళ్లి చూస్తే నట్లన్నీ బిగిసే ఉన్నాయి. డిస్కు మధ్యభాగం హబ్బుకే అంటుకుని ఉంది. మిగతా చక్రం దొర్లుకుంటూ కాలవలో పడింది. అదృష్టం కొద్దీ బండిలో పెళ్లివాళ్లు లేరు. డ్రైవరు చెయ్యి విరిగింది.

'వాడు నన్నేమీ అనలేదురా. నా అదృష్టం బాలేదన్నాడు. అదృష్టం కాదని నాకు తెలుసు' అన్నారు పెద్దాయన.

కొడుకు మళ్లీ వెల్డింగు మాటెత్తలేదు.

రంగు ఎక్కడ వేయకూడదంటే...

మిగిలిన మూడింటికీ సేవ మొదలైంది. ఇసుకతో బ్లాస్టింగు చేయిస్తే గంటలో తుప్పు వదులుతుంది. కానీ సరైన రక్షణ లేకుండా ఆ ఇసుక దుమ్ము పీల్చేవారికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అందుకే తాతయ్య వైరు బ్రష్షు, ఎమరీ పేపరుతోనే కానివ్వమన్నారు. పాత రంగంతా తీశారు. టైరు కూర్చునే గట్టును చేతివేళ్లతో తడిమి చూస్తే గరుకు తెలియనంతగా రుద్దారు. తుప్పు తీసిన ఇనుమును రాత్రంతా అలాగే వదిలేస్తే పొద్దున్నకు మళ్లీ ఎర్రబారుతుంది. అందుకని ఏ రోజు రుద్దింది ఆ రోజే తుడిచి ప్రైమరు వేశారు. అది ఆరాక పల్చగా రెండు పూతలు వెండి రంగు.

అయితే రెండుచోట్ల మాత్రం కాగితం అతికించి రంగు తగలనివ్వలేదు. ఒకటి హబ్బుకు ఆనే వెనక ముఖం, రెండోది నట్లు కూర్చునే గుంటలు. అక్కడ రంగు మందంగా ఉంటే బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది. బండి నడిచాక రంగు నలిగి, ఆ మందం మేరకు నట్టు వదులవుతుంది. నిగనిగలాడే పాత డిస్కుల్లో చాలామంది చూడని లోపం ఇదే!

నాలుగో చక్రం ఎక్కడిదంటారా? డిక్కీలో ఏళ్ల తరబడి వాడకుండా పడున్న స్టెప్నీ. అదీ అన్ని పరీక్షలూ రాసి పాసైంది. దానిమీది టైరు మాత్రం ఫెయిలు. టైరు పక్కన ముద్రించే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అక్కడ 2209 అని ఉంది... అంటే 2009లో 22వ వారం. చూడ్డానికి గాట్లన్నీ కొత్తగానే ఉన్నా రబ్బరు బీటలు వారింది. టైర్లన్నీ కొత్తవే కొన్నారు. పాత డిస్కుల్లో ఉన్నంతలో మంచిదాన్ని బాగుచేసి స్టెప్నీగా పెట్టారు.

వెనక్కిచ్చేద్దామా?

పగిలిన డిస్కు సంగతి చెబితే షాపతను గొడవేమీ పెట్టుకోలేదు. 'తెచ్చేయండి సార్, డబ్బులిచ్చేస్తా' అన్నాడు. కొడుకు దాన్ని స్కూటరు మీద పెట్టుకుంటుంటే పెద్దాయన అడ్డుపడ్డారు.

'వాడేం చేస్తాడు దాన్ని?'

ఏం చేస్తాడో అందరికీ తెలుసు. మళ్లీ లప్పం, మళ్లీ వెండి రంగు. మళ్లీ ఎవరో నాలుగు డిస్కులు ఆటోలో వేసుకుని సంతోషంగా ఇంటికెళతారు. వాళ్లింట్లో వెర్నియర్ ఉండకపోవచ్చు.

డబ్బులు వదులుకున్నారు. వీధి చివర గ్రిల్స్ చేసే షాపులో కట్టర్‌తో డిస్కును రెండు ముక్కలు చేయించారు. కోసేటప్పుడు పెద్దాయన దగ్గరే నిలబడ్డారు. ముక్కలు పాత ఇనుప సామాను కొట్లో కిలోల లెక్కన పోయాయి. ఆ వచ్చిన డబ్బు ఆటో చార్జీలకు కూడా చాలలేదు.

మనవరాలు గుంటూరు వెళ్లొస్తోంది. మొదటి రోజు సాయంత్రం ఇంటికి రాగానే డిక్కీలోంచి స్పానరు తీసి, ఒక్కో చక్రం దగ్గరా కూర్చుని, ఎదురెదురు నట్లను వరసగా బిగించి చూసింది. కొత్తగా బిగించిన చక్రాన్ని వంద కిలోమీటర్ల లోపు ఓసారి సరిచూడాలని తాతయ్య ముందే చెప్పారు మరి. పదిహేను నట్లు కదల్లేదు. ముందు ఎడమ చక్రానిది ఒకటి మాత్రం పావు చుట్టు తిరిగింది.

'తాతయ్యా, ఒకటి వదులైంది' అంది.

'ఏ చక్రానిది?' అంటూ ఆయన కర్ర అందుకుని మెట్లు దిగారు.